దూరవిద్య సెంటర్ ఉన్న కాలేజీలో కాగితాలు ఎలా నడపాలి: గుర్తింపు నుంచి స్కాలర్‌షిప్ వెరిఫికేషన్ దాకా

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కొన్ని డిగ్రీ కాలేజీల్లో వారమంతా రెగ్యులర్ క్లాసులు జరుగుతాయి, ఆదివారం దూరవిద్య క్లాసులు జరుగుతాయి. గదులు అవే, బెంచీలు అవే. ఆఫీసులో కాగితాలు చూసే మనిషి కూడా చాలాచోట్ల ఒక్కరే. అందుకే ప్రతి అడ్మిషన్ సీజన్‌లో అవే ప్రశ్నలు వస్తుంటాయి. డిస్టెన్స్ బీఏ చదివే అమ్మాయికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా? డీఈబీ ఐడీ (దూరవిద్యలో చేరేవాళ్లకి యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో పోర్టల్‌లో వచ్చే నంబరు) లేకుండా అడ్మిషన్ రాసుకోవచ్చా? స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఒక అప్లికేషన్ మా లాగిన్‌కి వచ్చింది, వెరిఫై చేయాలా, వెనక్కి పంపాలా?

జవాబులన్నీ ఒకే తేడా దగ్గర మొదలవుతాయి. దూరవిద్య విద్యార్థి మీ బెంచీ మీద కూర్చుని పాఠం విన్నా మీ కాలేజీ విద్యార్థి కాదు, విశ్వవిద్యాలయం విద్యార్థి. మీది లెర్నర్ సపోర్ట్ సెంటర్ (విశ్వవిద్యాలయం తరఫున క్లాసులకి, కాగితాలకి సాయపడే చోటు) మాత్రమే. ఈ మాట ఆఫీసులో అందరికీ తెలిసినట్టే ఉంటుంది. బోనఫైడ్ అడిగే పిల్ల కిటికీ దగ్గర నిలబడ్డప్పుడు మాత్రం మరిచిపోతారు. ఇబ్బందుల్లో సగం అక్కడ పుట్టేవే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

సెంటర్ తరఫున:
- విశ్వవిద్యాలయం మీ కాలేజీకి సెంటర్ ఇచ్చిన ప్రొసీడింగ్స్, ఒప్పంద పత్రం, తాజా రెన్యువల్
- మీ కాలేజీ అఫిలియేషన్ ఉత్తర్వు, ఐషీ కోడ్, అంటే కేంద్ర ఉన్నత విద్య సర్వేలో మీ కాలేజీ నంబరు (స్కూలైతే 11 అంకెల యూడైస్ కోడ్)
- కోఆర్డినేటర్ నియామక ఉత్తర్వు, కౌన్సెలర్ల (దూరవిద్య పాఠాలు చెప్పేవాళ్ల) జాబితా, వాళ్ల అర్హత పత్రాల జిరాక్సులు
- కాంటాక్ట్ క్లాసుల (ఆదివారం ముఖాముఖి క్లాసుల) టైంటేబుల్, హాజరు రిజిస్టర్
- రెండు వేర్వేరు అడ్మిషన్ రిజిస్టర్లు, వాటికి రెండు వేర్వేరు బీరువా అరలు

విద్యార్థి తరఫున:
- పదో తరగతి మెమో, ఇంటర్ మెమో (ఒరిజినల్ చూసి, జిరాక్స్ తీసుకోవాలి)
- టీసీ, వేరే బోర్డు నుంచి వస్తే మైగ్రేషన్
- ఆధార్, ఆధార్‌కి లింకైన ఫోన్ (నంబరు చాలదు, ఓటీపీ కోసం ఫోనే చేతిలో ఉండాలి)
- ఏబీసీ ఐడీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, అంటే చదివిన క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు), డీఈబీ ఐడీ
- కుల, ఆదాయ ధ్రువపత్రాలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ

1. కోర్సుకి గుర్తింపు ఉందో లేదో చూడండి

యూజీసీ దూరవిద్యకి గుర్తింపు ఇచ్చేది విశ్వవిద్యాలయం మొత్తానికి ఒక్కసారిగా కాదు. ఏ విద్యా సంవత్సరం, ఏ సెషన్, ఏ కోర్సు అన్నది విడివిడిగా ఉంటుంది. సెషన్లు రెండు: జులై–ఆగస్టు, జనవరి–ఫిబ్రవరి. యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో విశ్వవిద్యాలయం పేరు తెరిచి, ఈ సెషన్‌కి ఉన్న కోర్సుల జాబితా ప్రింట్ తీయండి. ప్రింట్ మీద తేదీ వేసి, సంతకం పెట్టి ఫైలులో మొదటి కాగితంగా ఉంచండి. నిరుడు ఉన్న కోర్సు ఈ ఏడు ఉండకపోవచ్చు. అదే విశ్వవిద్యాలయంలో బీకాం ఉండి బీఎస్సీ లేకపోవచ్చు.

2020 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, న్యాయశాస్త్రం, వ్యవసాయం, హోటల్ మేనేజ్‌మెంట్ లాంటివి దూరవిద్యలో ఇవ్వకూడదు. 2025 జులై–ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ లాంటి ఆరోగ్య సంబంధ కోర్సుల్ని కూడా ఆపమని యూజీసీ చెప్పింది. పాత కరపత్రాలు ఇంకా టేబుల్ మీద ఉంటే తీసేయండి. ఎవరైనా ఆ కరపత్రం చూపించి ఎంఎస్సీ సైకాలజీ అడిగితే మీరే ఇరుక్కుంటారు. బీఈడీకి అయితే ఎన్‌సీటీఈ (టీచర్ ట్రైనింగ్ కోర్సుల్ని చూసే జాతీయ మండలి) అనుమతి కూడా ఉండాలి.

ఇంకొకటి, ఫ్రాంచైజీ పద్ధతి నిషిద్ధం. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం తన బదులు వేరే సంస్థ చేత కోర్సు నడిపించడానికి వీల్లేదు. డిగ్రీ ఇచ్చే హక్కు యూజీసీ చట్టం 1956, సెక్షన్ 22 కింద విశ్వవిద్యాలయాలకి, చట్టం గుర్తించిన సంస్థలకే ఉంది. కాబట్టి కాలేజీ గేటు మీద కట్టే బ్యానర్‌లో విశ్వవిద్యాలయం పేరు పెద్దగా, మీ పేరు కింద "లెర్నర్ సపోర్ట్ సెంటర్" అని ఉండాలి. "మా కాలేజీలో డిస్టెన్స్ డిగ్రీ" అని రాయించకండి.

రాష్ట్ర విశ్వవిద్యాలయానికి హద్దు కూడా ఉంటుంది. మన జిల్లాలకి రెండువైపులా సరిహద్దులే కాబట్టి ఇది గుర్తు పెట్టుకోవాలి. పక్క రాష్ట్రపు విశ్వవిద్యాలయం మనిషి వచ్చి చిత్తూరులో సెంటర్ పెడదాం అంటే, ఆ విశ్వవిద్యాలయం పరిధి ఎక్కడిదాకా ఉందో యూజీసీ గుర్తింపు ఉత్తర్వులో చదివాకే మాట్లాడండి.

2. పేరు ముందు, ఐడీలు తర్వాత

ఈ మెట్టు మీద మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టండి. తర్వాత వచ్చే తిప్పలన్నీ ఇక్కడ తప్పించుకోవచ్చు.

2024–25 నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరే విద్యార్థికి డీఈబీ ఐడీ తప్పనిసరి. డీఈబీ ఐడీ రావాలంటే ఏబీసీ ఐడీ ఉండాలి. ఏబీసీ ఐడీ డిజీలాకర్ ద్వారా వస్తుంది, డిజీలాకర్ ఆధార్‌లో ఉన్న పేరుని తీసుకుంటుంది. అంటే ఆధార్‌లో పేరు తప్పుంటే ఆ తప్పు వరసగా అన్నిట్లోకి పాకుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. పదో తరగతి మెమోలో "మునస్వామి మునిలక్ష్మి" అని ఉంది. ఆధార్‌లో "మునిలక్ష్మి ఎం". బ్యాంకులో పెళ్లయ్యాక మార్పించుకున్న "మునిలక్ష్మి గోవిందరాజులు". మనిషి ఒక్కరే, ఇంటి చుట్టుపక్కల అందరికీ తెలుసు. కంప్యూటర్‌కి మాత్రం ముగ్గురు. చిత్తూరు, నగరి, కుప్పం వైపు ఇది మరీ ఎక్కువ. అక్కడ తమిళ పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరాన్ని ఇనీషియల్‌గా పెట్టుకునేవాళ్లు ఉంటారు, తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు రాసుకునేవాళ్లూ ఉంటారు. ఒకే కుటుంబంలో అన్నకి ఇనీషియల్, చెల్లెలికి ఇంటిపేరు ఉండటం కూడా మామూలే.

చేయాల్సిన వరస ఇది:

ముందు పదో తరగతి మెమో తీసి, అందులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒక కాగితం మీద రాయండి. దాని పక్కన ఆధార్‌లో ఉన్నది రాయండి. స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూడండి, చుక్కలు, ఖాళీలు కూడా. తేడా ఉంటే ఆధార్‌నే మెమోకి తగ్గట్టు మార్పించండి. మెమోలో పేరు మార్చడం బోర్డు దాకా వెళ్లే పని. ఆధార్‌లో పేరు అయితే ఎన్‌రోల్‌మెంట్ సెంటర్‌లో మారుతుంది. కానీ ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోవచ్చు. కాబట్టి సెంటర్‌లో ఆపరేటర్ టైప్ చేసింది స్క్రీన్ మీద చదివి, సరిగ్గా ఉంటేనే సరే అనమని విద్యార్థికి చెప్పి పంపండి.

ఆధార్ మారాక బ్యాంకులో మార్చాలి. ఆ తర్వాత డిజీలాకర్, ఏబీసీ ఐడీ. అన్నిటికంటే చివర డీఈబీ ఐడీ.

ఈ వరస తిరగబడితే ఏమవుతుంది? అడ్మిషన్ గడువు దగ్గర పడిందని పాత పేరుతోనే డీఈబీ ఐడీ చేయించి, ఆ తర్వాత ఆధార్ సరిచేయిస్తారు. విశ్వవిద్యాలయం పోర్టల్‌లో పేరు ఒకటి, ఏబీసీలో పేరు ఒకటి అవుతుంది. క్రెడిట్లు ఎక్కవు. డిగ్రీ చేతికొచ్చే టైంకి విద్యార్థి మళ్లీ మీ ఆఫీసు మెట్లు ఎక్కాల్సి వస్తుంది.

ఏబీసీ, డీఈబీ ఐడీలు విద్యార్థే చేసుకోవాలి, విద్యార్థి ఫోన్‌తోనే చేసుకోవాలి. ఆఫీసు నంబరు ఇచ్చి పదిమందికి ఒకే ఫోన్‌తో చేయించకండి. అప్పటికి పని అవుతుంది కానీ, తర్వాత పాస్‌వర్డ్ మార్చాలన్నా ఓటీపీ మీ ఫోన్‌కే వస్తుంది. ఆధార్‌కి లింకైన నంబరు చెన్నైలోనో బెంగళూరులోనో పనిచేసే అన్న దగ్గర ఉందంటే, ముందు ఆధార్ సెంటర్‌కి పంపి సొంత నంబరు లింక్ చేయించండి. ఇప్పటికే ఏబీసీ లేదా అపార్ ఐడీ (విద్యార్థికి ఇచ్చే శాశ్వత నంబరు) ఉన్నవాళ్లు కొత్తది చేయకూడదు. ఇంటర్‌లోనో, ఆపేసిన డిగ్రీలోనో వచ్చి ఉండొచ్చు, డిజీలాకర్ తెరిస్తే కనిపిస్తుంది.

3. అడ్మిషన్ కాగితాలు

ఇంటర్ లేదా దానికి సమానమైన 12 ఏళ్ల చదువు ఉంటేనే డిగ్రీలో చేర్చుకోవాలి. సార్వత్రిక విద్యాపీఠం (రాష్ట్ర ఓపెన్ స్కూల్) ఇంటర్, ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) సీనియర్ సెకండరీ ఉన్నవాళ్లు నిశ్చింతగా చేరొచ్చు. పదో తరగతి మీదే నేరుగా డిగ్రీ అనే మాట ఎవరు చెప్పినా నమ్మకండి. ఆ డిగ్రీతో ఉద్యోగ నోటిఫికేషన్ దగ్గరికి వెళ్లాక తెలుస్తుంది నష్టం.

టీసీ విషయంలో ఒక చిక్కు ఉంది. 2022 ఏప్రిల్‌లో యూజీసీ రెండు డిగ్రీలు ఒకేసారి చదవొచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి రెగ్యులర్, ఇంకొకటి దూరవిద్య కావచ్చు, లేదా రెండూ దూరవిద్య కావచ్చు. అలాంటి విద్యార్థి ఒరిజినల్ టీసీ రెగ్యులర్ కాలేజీలో ఉంటుంది. "టీసీ లేకపోతే ఫారం తీసుకోం" అని వెనక్కి పంపకండి. రెగ్యులర్ కాలేజీ ఇచ్చిన స్టడీ సర్టిఫికెట్, ఆ కాలేజీ ప్రిన్సిపాల్ అటెస్ట్ చేసిన టీసీ జిరాక్స్, విద్యార్థి రాసిచ్చిన డిక్లరేషన్ తీసుకుని, ఇవి సరిపోతాయా అని విశ్వవిద్యాలయం దూరవిద్య విభాగానికి రాతపూర్వకంగా అడగండి. వచ్చిన జవాబు ఫైలులో పెట్టండి. విద్యార్థిని మాత్రం రెగ్యులర్ కాలేజీ నుంచి టీసీ తెచ్చుకోమని ఎప్పుడూ చెప్పకండి. తెచ్చుకుంటే అక్కడి సీటు పోతుంది, దాంతో పాటు అక్కడ వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా పోతుంది.

ఫీజు విశ్వవిద్యాలయం చెప్పిన ఖాతాకే వెళ్లాలి. రసీదు మీద విశ్వవిద్యాలయం పేరు ఉండాలి. సెంటర్ పేరుతో చేతిరాత రసీదు ఇచ్చి, సర్వీసు చార్జీ, రికార్డు చార్జీ అని అదనంగా రాయడం తప్పు. తనిఖీకి వచ్చినవాళ్లు ముందు చూసేది రసీదు పుస్తకాన్నే.

4. రెండు రిజిస్టర్లు, రెండు అరలు

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ సెంటర్ నడిపే ప్రతి కాలేజీలో మొదటి రోజే చేయాల్సిన పని ఇది.

రెగ్యులర్ అడ్మిషన్ రిజిస్టర్‌లో దూరవిద్య విద్యార్థి పేరు ఒక్కటి కూడా ఉండకూడదు. దూరవిద్య రిజిస్టర్‌కి వేరే రంగు అట్ట వేయండి. దాంట్లో ఈ గళ్లు గీయండి: వరుస సంఖ్య, విశ్వవిద్యాలయం ఎన్‌రోల్‌మెంట్ నంబరు, డీఈబీ ఐడీ, మెమో ప్రకారం పేరు, కోర్సు, సెషన్, మీడియం, ఒరిజినల్స్ చూసిన తేదీ, ఒరిజినల్స్ తిరిగి ఇచ్చిన తేదీ, విద్యార్థి సంతకం. చివరి రెండు గళ్లూ వదిలేయకండి. ఒరిజినల్ మెమో మా దగ్గర ఉందా, మీ దగ్గర ఉందా అన్న తగవు మూడేళ్ల తర్వాత వస్తుంది. అప్పుడు ఆ సంతకమే దిక్కు.

హాజరు కూడా వేరుగా ఉండాలి. ఆదివారం కాంటాక్ట్ క్లాసు హాజరుని రెగ్యులర్ హాజరు షీటులో కలిపితే, ఆ విద్యార్థి రెగ్యులర్ అని మీరే రాసిచ్చినట్టు అవుతుంది.

బోనఫైడ్ అడిగితే ఇలా చేయండి. దూరవిద్య విద్యార్థికి కాలేజీ లెటర్‌హెడ్ మీద బోనఫైడ్ ఇవ్వకండి. విశ్వవిద్యాలయం ఇచ్చే స్టడీ సర్టిఫికెట్ తెప్పించండి. అది వచ్చేలోపు బస్ పాస్‌కో, బ్యాంకు పనికో ఏదైనా ఇవ్వక తప్పదనుకుంటే, "ఫలానా విశ్వవిద్యాలయం దూరవిద్య విధానంలో బీఏ మొదటి సంవత్సరం విద్యార్థి, కాంటాక్ట్ క్లాసులకి ఈ సెంటర్‌కి హాజరవుతున్నారు" అని, దూరవిద్య అన్న మాట స్పష్టంగా కనిపించేలా రాయండి. "మా కాలేజీలో చదువుతున్నారు" అన్న ముక్క చాలు, ఆ కాగితం స్కాలర్‌షిప్ అప్లికేషన్‌లోకి ఎక్కడానికి.

హైస్కూల్లో సార్వత్రిక విద్యాపీఠం సెంటర్ ఉన్న హెడ్‌మాస్టర్లకీ ఇదే వర్తిస్తుంది. ఓపెన్ టెన్త్, ఓపెన్ ఇంటర్ విద్యార్థుల్ని స్కూలు రోల్‌లో గానీ, యూడైస్ ప్లస్‌లో రెగ్యులర్ విద్యార్థులుగా గానీ చూపకూడదు.

5. ఎవరికి ఏ సాయం వస్తుంది, ఏది రాదు

అడ్మిషన్ రోజే ఈ సంగతి విద్యార్థికి చెప్పేయండి. చేరాక తెలిస్తే ఆ కోపం మీ మీదే పడుతుంది, న్యాయంగానే.

రాష్ట్ర ప్రభుత్వ పోస్ట్‌మెట్రిక్ ఫీజు రీయింబర్స్‌మెంట్, మెయింటెనెన్స్ ఫీజు దూరవిద్యకి, కరస్పాండెన్స్ కోర్సులకి వర్తించదు. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్లకి కూడా వర్తించదు. పథకం పేర్లు ప్రభుత్వాలతో మారుతూ వచ్చినా ఈ నిబంధన అలాగే ఉంది. రెగ్యులర్ విద్యార్థికైతే కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల లోపు ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి.

కేంద్ర ప్రభుత్వం కాలేజీ విద్యార్థులకి ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ కూడా రెగ్యులర్ వాళ్లకే. ఇంటర్‌లో తమ బోర్డులో 80వ పర్సెంటైల్ దాటినవాళ్లు (అంటే మార్కుల్లో పై 20 శాతం మందిలో ఉన్నవాళ్లు), కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవాళ్లు అర్హులు. డిగ్రీ మొదటి మూడేళ్లు ఏటా 12,000, పీజీలో ఏటా 20,000 వస్తుంది. రెన్యువల్‌కి 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు కావాలి. ఇక్కడ చాలామంది పొరపాటు పడేది వేరే చోట: ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ ఇంకో స్కాలర్‌షిప్ గానీ తీసుకుంటున్నవాళ్లకి ఇది రాదు. రెండూ పెట్టుకుంటే ఒకటైనా వస్తుందిలే అని ఆఫీసువాళ్లే సలహా ఇస్తుంటారు. అలా చేస్తే తర్వాత డబ్బు వెనక్కి కట్టమనే నోటీసు వస్తుంది.

హైస్కూలు పిల్లలకి వచ్చే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ గురించి కూడా ఒక మాట. ఇది 9 నుంచి 12వ తరగతి దాకా ఏటా 12,000 ఇస్తుంది, ఆదాయ పరిమితి 3.5 లక్షలు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో రెగ్యులర్‌గా చదివేవాళ్లకే ఇస్తారు. పది పాసై ప్రైవేటు జూనియర్ కాలేజీకి వెళ్లినా, ఓపెన్ ఇంటర్‌లో చేరినా ఆగిపోతుంది. పదో తరగతి మెమోలు పంచేటప్పుడే తల్లిదండ్రులకి ఈ సంగతి చెప్పండి.

మరి దూరవిద్య విద్యార్థికి దారేమిటి? విశ్వవిద్యాలయాలు ఎస్సీ, ఎస్టీలకి, దివ్యాంగులకి ఫీజులో రాయితీ ఇస్తాయా అని ప్రాస్పెక్టస్‌లో చూడాలి. ఇగ్నోలో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో) ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి కొన్ని కోర్సుల్లో ఫీజు మినహాయింపు ఇస్తూ వచ్చారు, ఆ సెషన్ ప్రకటనలో ఏ కోర్సులు ఉన్నాయో చూసి చెప్పండి. మిగతా ఏ పథకమైనా, దాని మార్గదర్శకాల్లో "రెగ్యులర్", "ఫుల్ టైమ్" అన్న మాటలు ఉన్నాయేమో ముందు వెతకండి. ఉంటే అప్లికేషన్ పెట్టించకండి. వయసు, ఇంటి పరిస్థితి అనుకూలంగా ఉండి, ఫీజు కట్టలేకనే దూరవిద్యకి వచ్చిన పిల్లలకి ఇంకో మాట చెప్పాలి: ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కన్వీనర్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. సెంటర్‌కి ఒక అడ్మిషన్ తగ్గుతుంది, తగ్గనివ్వండి.

6. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కాలేజీ చేయాల్సినవి

ఇది రెగ్యులర్ విద్యార్థుల పని. కానీ దూరవిద్య అప్లికేషన్లు పొరపాటున వచ్చి చేరేది కూడా ఇక్కడికే.

ముందు ఐషీ కోడ్ లేదా యూడైస్ కోడ్‌తో మీ సంస్థ పోర్టల్‌లో ఉందో లేదో వెతకండి. ఉంటే ఇన్‌స్టిట్యూట్ నోడల్ ఆఫీసర్ (కాలేజీ తరఫున పోర్టల్‌లో అప్లికేషన్లు చూసే వ్యక్తి) ఎవరో నిర్ణయించి, రిజిస్ట్రేషన్ ఫారం నింపి, ప్రిన్సిపాల్ సంతకం, సీలుతో జిల్లా లేదా రాష్ట్ర నోడల్ అధికారికి పంపాలి. నోడల్ ఆఫీసర్‌కీ, ప్రిన్సిపాల్‌కీ ఇద్దరికీ ఆధార్ ధ్రువీకరణ జరగాలి. ఒక్కరిదే అయ్యి ఆగిపోతే అప్లికేషన్లు కదలవు.

తర్వాత సంస్థ ప్రొఫైల్ తెరిచి కోర్సులు, ఫీజులు ఎక్కించండి. ఇక్కడే జాగ్రత్త: రెగ్యులర్‌గా అనుమతి ఉన్న కోర్సుల్నే ఎక్కించాలి. దూరవిద్యలో మీ సెంటర్‌లో జరిగే ఎంఏ ఉందని, రెగ్యులర్‌గా లేని ఎంఏని జాబితాలో పెడితే, ఆ విద్యార్థులు మీ కాలేజీని ఎంచుకుని అప్లై చేస్తారు. తప్పు వాళ్లది కాదు, జాబితాలో చూపించింది మీరే.

విద్యార్థి ముందు వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. 14 అంకెల నంబరు వస్తుంది, చదువు పూర్తయ్యేదాకా అదే పనిచేస్తుంది. ఫేస్ అథెంటికేషన్ మొబైల్ యాప్‌లో చేయాలి. వెలుతురు ముఖం మీద పడేలా, కిటికీకి ఎదురుగా నిలబడమనండి. వెనకనుంచి వెలుతురు వస్తే మళ్లీమళ్లీ ఫెయిలవుతుంది.

7. ఒక్కో అప్లికేషన్‌ని ఎలా చూడాలి

అప్లికేషన్ ప్రింట్ ఒక పక్క, రెగ్యులర్ అడ్మిషన్ రిజిస్టర్ ఇంకో పక్క పెట్టుకోండి. స్క్రీన్ మీద మాత్రమే చూసి వెరిఫై నొక్కకండి. ఈ వరసలో చూడండి:

- పేరు రెగ్యులర్ రిజిస్టర్‌లో ఉందా? లేకపోతే అక్కడే ఆగండి.
- మోడ్ ఆఫ్ స్టడీ ఏమని రాశారు?
- ఏ సంవత్సరం చదువుతున్నారు, గత పరీక్ష మార్కులు మెమోతో సరిపోయాయా?
- ఆదాయ పత్రం ఆ పథకం చెప్పిన కాలంలో ఉందా, తహసీల్దార్ ఇచ్చిందేనా? పత్రం మీద ఉన్న నంబరుతో మీసేవ సైట్‌లో సరిచూడండి.
- ఫీజు గడిలో రాసింది మీరు నిజంగా తీసుకున్నదేనా?
- ఇదే విద్యార్థికి రాష్ట్ర పోర్టల్ జ్ఞానభూమిలో కూడా అప్లికేషన్ ఉందా?

జిల్లా పేరు గురించి వేరే చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకుముందు తీసుకున్న కుల ధ్రువపత్రాల్లో శ్రీకాళహస్తి, పుత్తూరు వాళ్లకి చిత్తూరు జిల్లా అని, సూళ్లూరుపేట వాళ్లకి నెల్లూరు జిల్లా అని ఉంటుంది. ఆ పత్రం తప్పు కాదు. కానీ అప్లికేషన్‌లో ఇప్పటి జిల్లా, జతచేసిన పత్రంలో పాత జిల్లా ఉంటే పై స్థాయిలో ఆపేస్తుంటారు. కుదిరితే సచివాలయంలో కొత్తగా తీసుకోమనండి. కుదరకపోతే ఇప్పటి చిరునామా ఉన్న ఆధార్ కూడా జత చేయించండి. తిరుత్తణి, గుడియాత్తం వైపు నుంచి వచ్చి చిత్తూరులో చదివే పిల్లల సొంత రాష్ట్రం తమిళనాడు. డొమిసైల్ గడిలో ఆంధ్రప్రదేశ్ అని రాస్తే పథకమే మారిపోతుంది.

తప్పు కనిపిస్తే రెండు బటన్ల తేడా తెలిసి నొక్కండి. డిఫెక్ట్ అంటే విద్యార్థి లాగిన్‌కి వెనక్కి వెళ్తుంది, సరిచేసి గడువులోపు మళ్లీ పంపొచ్చు. రిజెక్ట్ అంటే ఆ ఏడాదికి అయిపోయినట్టే. మార్కులు తప్పు, పత్రం మసకగా ఉంది, జిల్లా తప్పు పడింది అంటే డిఫెక్ట్. దూరవిద్య విద్యార్థి రెగ్యులర్ పథకానికి పెట్టాడంటే రిజెక్ట్. డిఫెక్ట్ పెట్టినప్పుడు కారణం స్పష్టంగా రాయండి. "పత్రాలు సరిగా లేవు" అంటే ఆ పిల్లకి ఏం అర్థమవుతుంది? "ఆదాయ పత్రం మూడో పేజీ కనిపించడం లేదు, మళ్లీ స్కాన్ చేసి పెట్టండి" అని రాసి, ఫోన్ చేసి కూడా చెప్పండి. డిఫెక్ట్ చేసిన సంగతి విద్యార్థికి తెలియక గడువు దాటిపోయిన అప్లికేషన్లే ఎక్కువ.

రాష్ట్ర పోర్టల్‌లో అప్లికేషన్ ఆగితే, ముందు సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ (ఎవరు ఏ కుటుంబం కింద నమోదయ్యారన్న వివరం) చూడమనండి. పెళ్లై వేరుపడిన అన్న ఉద్యోగం, ఆదాయం ఇంకా ఇదే కుటుంబం కింద కనిపిస్తుంటే అనర్హత చూపిస్తుంది. అది కాలేజీలో తేలే పని కాదు, డిజిటల్ అసిస్టెంట్ దగ్గర తేలాలి.

8. డబ్బు పడుతుందో లేదో ముందే చూసుకోవడం

"బ్యాంకులో ఆధార్ లింక్ చేశాం సార్" అంటారు. అది కేవైసీ కోసం ఇచ్చిన ఆధార్ కావచ్చు. స్కాలర్‌షిప్ పడాలంటే ఆ ఖాతా ఎన్‌పీసీఐలో (దేశంలో బ్యాంకు చెల్లింపుల్ని కలిపే సంస్థలో) డీబీటీ కోసం, అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం కోసం, సీడ్ అయి ఉండాలి. ఇవి రెండూ వేర్వేరు. ఒక ఆధార్‌కి ఒకసారికి ఒకే బ్యాంకు మ్యాప్ అవుతుంది, చివర చేసిందే నిలుస్తుంది. ఫోన్‌పే కోసమో, ఆఫర్ కోసమో కొత్త ఖాతా తెరిచినప్పుడు తెలియకుండా మ్యాపింగ్ అటు మారిపోతుంది.

చూసుకోవడం తేలికే. యూఐడీఏఐ (ఆధార్ సంస్థ) సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ తెరవొచ్చు. నెట్ లేకపోతే ఫోన్‌లో *99*99*1# డయల్ చేసి ఆధార్ నంబరు కొట్టొచ్చు. ఏ బ్యాంకు పేరు వస్తుందో అందులోనే డబ్బు పడుతుంది. యాక్టివ్ అని రాకపోతే బ్యాంకుకి వెళ్లి డీబీటీ సీడింగ్ ఫారం ఇవ్వాలి. చిన్నప్పుడు తెరిచిన మైనర్ ఖాతా, చాలా రోజులు వాడక ఆగిపోయిన ఖాతా ఉంటే ముందు వాటిని సరిచేయించాలి.

అప్లికేషన్ పై స్థాయి దాటాక పీఎఫ్‌ఎంఎస్ (కేంద్ర ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ) సైట్‌లో చెల్లింపు స్థితి చూడొచ్చు. అక్కడ బ్యాంకు తిరస్కరించింది అని ఉంటే కారణం చాలాసార్లు పైన చెప్పిన సీడింగే.

పని సరిగ్గా అయిందో లేదో చూసుకోవడానికి

గడువుకి పది రోజుల ముందు ఒకసారి ఇలా చేయండి. నోడల్ ఆఫీసర్ లాగిన్‌లో వెరిఫై అయినవాళ్ల జాబితా ప్రింట్ తీసి, దూరవిద్య రిజిస్టర్‌తో పోల్చండి. రెండింట్లోనూ ఉన్న పేరు కనిపిస్తే, ఆ విద్యార్థి నిజంగా రెండు డిగ్రీలు చదువుతున్నారా, లేక పొరపాటున దూరవిద్య అప్లికేషన్ వెరిఫై అయిందా తేల్చండి. రెండోదైతే వెంటనే పై నోడల్ అధికారికి రాతపూర్వకంగా చెప్పండి. డబ్బు విడుదలయ్యేలోపు చెబితే ఒక ఉత్తరంతో పోతుంది. విడుదలయ్యాక అయితే విద్యార్థి నుంచి రికవరీ, మీకు సంజాయిషీ.

పెండింగ్ జాబితా సున్నా కావాలి. వెరిఫై చేయకుండా వదిలేసిన అప్లికేషన్ కూడా గడువు దాటితే పోయినట్టే, విద్యార్థి తప్పేమీ లేకుండా.

చివరిగా బదిలీల సంగతి. నోడల్ ఆఫీసర్‌గా ఉన్న లెక్చరర్‌కి బదిలీ అయితే, ఆయన ఫోన్ నంబరుతో పాటు పోర్టల్ ఓటీపీ కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది. రిలీవింగ్ ఉత్తర్వు మీద సంతకం పెట్టే ముందే కొత్త నోడల్ ఆఫీసర్ పేరు, నంబరు మార్చే ఫారం పంపించి, ఆధార్ ధ్రువీకరణ పూర్తి చేయించండి. దూరవిద్య కోఆర్డినేటర్ మారితే విశ్వవిద్యాలయానికి తెలియజేసి, రిజిస్టర్లు, రసీదు పుస్తకాలు, విద్యార్థుల ఒరిజినల్స్ లెక్కపెట్టి, ఇద్దరి సంతకాలతో అప్పగింత జాబితా రాయించండి. ఒక కాపీ ప్రిన్సిపాల్ దగ్గర, ఒకటి దూరవిద్య అరలో ఉండాలి.